ఎర్ర అట్ట పుస్తకం

ప్రతి నెలా 20వ తేదీన మా ఇంట్లో భోజనాలు ఆలస్యమవుతాయి. మా ఆవిడ తెనాలిలో జీఎస్టీ ప్రాక్టీషనరు. జీఎస్టీఆర్-3బి రిటర్ను వేయడానికి ఆఖరి రోజు అదే కనుక ఆమె ఇల్లు చేరేసరికి పది దాటుతుంది. వచ్చాక కూడా ఫోను మోగుతూనే ఉంటుంది. పోయిన నెల ఆ రోజుకి మా చెల్లెలు హైదరాబాదు నుంచి వచ్చి ఉంది. తను ఒక బ్యాంకులో కంప్యూటర్ల భద్రత చూసే విభాగంలో పనిచేస్తుంది. అన్నాలయ్యాక మా ఆవిడ చేతిసంచీలోంచి ఎర్ర అట్ట పుస్తకం తీసి టేబుల్ మీద పెట్టింది. చెల్లెలు దాన్ని తెరిచి రెండు పేజీలు తిప్పింది. అక్కడ మొదలైన మాట ఒంటిగంట దాకా సాగింది. వదినా మరదళ్ళ మధ్య నేను కల్పించుకోలేదు. వాళ్ళు మాట్లాడుకున్నది ఇది.

మరదలు: వదినా, ఇందులో ఎంతమంది పార్టీల పాస్‌వర్డులు ఉన్నాయి?

వదిన: నూట నలభై మందివి. జీఎస్టీ లాగిన్, ఇన్‌కంటాక్సుది, ఈ-వే బిల్లుది. కొందరివి మెయిలు కూడా. ఆఫీసులో ఎక్సెల్ షీటుంది. కరెంటు పోతే, కంప్యూటరు మొరాయిస్తే ఇదే దిక్కు.

మరదలు: అన్నీ ఒకే వరసలో ఉన్నాయే! షాపు పేరు, ఎట్ గుర్తు, 2017.

వదిన: ఆ ఏడాదేగా వ్యాట్ నుంచి జీఎస్టీలోకి మారింది. నాన్నా నేనూ ఒక్కొక్క పార్టీని కూర్చోబెట్టుకుని మార్పించాం. పగలు సైటు తెరుచుకునేది కాదు, అర్ధరాత్రి తెరుచుకునేది. నిద్రకళ్ళతో ఒక్కొక్కళ్ళకీ కొత్త పాస్‌వర్డు ఎక్కణ్ణుంచి పుట్టించమంటావు?

మరదలు: ఇప్పుడు ఒక్క షాపుది తెలిసినవాడికి నూట నలభై షాపులవీ తెలిసినట్టే కదా.

వదిన: తెలుసుకునేవాడెవడు అమ్మాయ్? మీరు చెప్పే దొంగ ఎక్కడో సముద్రాల అవతల ఉంటాడు. వాడు నా చేతిసంచీలో చెయ్యి పెట్టలేడు. రాత్రిపూట ఈ పుస్తకం బీరువాలో ఉంటుంది, తాళం నా దగ్గరుంటుంది. పేపర్ మీద రాసిందాన్ని ఇంటర్నెట్‌లోంచి ఎవడూ లాక్కుపోలేడు.

మరదలు: అది నిజమే. కాదనను. పాస్‌వర్డులు కాగితం మీద రాసుకుని పర్సులో పెట్టుకోండని 2005లో బ్రూస్ ష్నయర్ రాశాడు. మా రంగంలో ఆయన మాటకి విలువెక్కువ. చిన్న కాగితాన్ని భద్రంగా దాచుకోవడం మనుషులకి బాగా తెలుసు, గుర్తుండే తేలిక పాస్‌వర్డు కన్నా రాసిపెట్టుకున్న కష్టమైన పాస్‌వర్డు నయం అన్నాడు. నువ్వు రాసిపెట్టుకున్నావు, మంచిదే. కానీ తేలికవే రాసిపెట్టుకున్నావు.

వదిన: కష్టమైనవి పెట్టుకోమని మీ బ్యాంకువాళ్ళూ చెప్పారు. ఒక పెద్దక్షరం, ఒక అంకె, ఒక గుర్తు. మూణ్ణెల్లకోసారి మార్చండి, పాతది మళ్ళీ పెట్టకండి. అలా అడిగితే మనిషేం చేస్తాడు? ఎట్ 2017ని ఎట్ 2018 చేస్తాడు.

మరదలు: ఆ నియమాలు రాసినాయనే తర్వాత బాధపడ్డాడు. బిల్ బర్ అని, అమెరికాలో నిస్ట్ అనే ప్రభుత్వ సంస్థలో 2003లో ఆ పత్రం తయారుచేశాడు. ప్రపంచమంతా దాన్నే పట్టుకుంది. రిటైరయ్యాక 2017లో ఒక పత్రికతో మాట్లాడుతూ, తను చేసినదాంట్లో చాలాభాగానికి ఇప్పుడు విచారిస్తున్నానన్నాడు. అదే ఏడాది నిస్ట్ కొత్త మార్గదర్శకాలు ఇచ్చింది: పొడుగు ముఖ్యం, గుర్తుల బలవంతం వద్దు, బయటపడిందని తెలిస్తే తప్ప ఊరికే మార్పించొద్దు అని.

వదిన: పద్నాలుగేళ్ళు మా ప్రాణాలు తీసి అప్పుడు చెప్పారా?

ఈ మాట ఆమె కోపంగానే అంది, కోపం న్యాయమేననిపించింది నాకు. మా మామగారు చివరి సంవత్సరాల్లో బ్యాంకు సైటు ముందు కూర్చుని, కొత్త పాస్‌వర్డు ఒప్పుకోవడం లేదని మూడుసార్లు, నాలుగుసార్లు కొట్టి, నుదురు పట్టుకుని కూర్చోవడం నేను చూశాను. ముప్పై ఏళ్ళు ఊళ్ళోవాళ్ళ లెక్కలు నోటితో చెప్పిన మనిషాయన.

వదిన: నాన్న పోయినప్పుడు ఏం జరిగిందో నీకు గుర్తుందా? ఫోనుకి వేలిముద్ర తాళం. ఆయన ఫిక్సెడ్ డిపాజిట్ల రసీదులన్నీ మెయిల్లో. నామినీగా అమ్మ పేరుంది గానీ ఏ బ్యాంకులో ఎంతుందో అమ్మకి తెలియదు. పదకొండోరోజు అయ్యాక ఈ పుస్తకం వెనక పేజీలు తిప్పితే ఆయన చేత్తో రాసిన మెయిలు పాస్‌వర్డు కనపడింది. ఆ ఒక్క వరస లేకపోతే ఎన్ని బ్యాంకుల చుట్టూ తిరిగేవాళ్ళం? ఎవరికీ చెప్పకండి, ఎక్కడా రాయకండి అని మీరు చెప్పే సలహా విని ఉంటే అమ్మ గతేంటి?

మరదలు: ఇంటి సంగతికొస్తే నేను పూర్తిగా నీ పక్షమే. ఎవరికీ చెప్పొద్దని ఊరికే అనడం తప్పు. మనం లేకపోతే ఎవరు తెరవాలో ముందే అనుకోవాలి. గూగుల్లో ఇనాక్టివ్ అకౌంట్ మేనేజర్ అని ఉంది, 2013 నుంచీ. ఇన్ని నెలలు నేను మెయిలు తెరవకపోతే ఫలానా మనిషికి కబురు చెయ్యి అని పెట్టుకోవచ్చు. యాపిల్ ఫోన్లలో లెగసీ కాంటాక్ట్ అని ఉంటుంది. అవేవీ పెట్టుకోకపోయినా, ఫోను తాళం తీసే నంబరూ మెయిలు పాస్‌వర్డూ ఒక కవర్లో పెట్టి అంటించి, పొలం దస్తావేజులు దాచిన చోటే దాచినా చాలు. మెయిలుది మాత్రం ఇంకెక్కడా వాడకూడదు. మిగతా అన్నిటి పాస్‌వర్డులూ మర్చిపోయానంటే కొత్తవి వచ్చిపడేది ఆ మెయిల్లోకే.

వదిన: ఇంకెక్కడా వాడకపోతే ఏం? చీరల సైటుకి ఒకటి, గ్యాసుకి ఒకటి, పిల్లాడి స్కూలుకి ఒకటి, ఎన్నని?

మరదలు: ఆ చీరల సైటువాడు నీ పాస్‌వర్డు ఎలా దాచాడో నీకు తెలియదు కనుక. 2009లో రాక్‌యూ అనే ఒక కంపెనీ నుంచి 3.2 కోట్ల పాస్‌వర్డులు పోయాయి. వాటిని ఏ మరుగూ లేకుండా, మనం కొట్టింది కొట్టినట్టే దాచారు. అందులో అన్నిటికన్నా ఎక్కువమంది పెట్టుకున్నది 123456. అలా ఒకచోట పోయిన పేరూ పాస్‌వర్డూ జంటని తీసుకెళ్ళి బ్యాంకు దగ్గరా మెయిలు దగ్గరా వేసి చూస్తారు. మనిషి కూర్చుని వేసేది కాదు, యంత్రం వేస్తుంది. చీరల సైటు తాళం పోయినందుకు ఇంటి తాళం పోకూడదు, అంతే.

వదిన: సరే, ఇల్లు వదిలెయ్. ఆఫీసు గురించి నువ్వేదో అనబోతున్నావు. అను.

మరదలు: ఇంట్లో పుస్తకంలో ఉన్నవి మనవి. ఇందులో ఉన్నవి నూట నలభై మంది సంతకాలు వదినా.

వదిన: వాళ్ళే ఇచ్చారు. అడగలేదు నేను. "అమ్మా, ఇది నా దగ్గరెందుకు, మీ దగ్గరే ఉంచండి" అని చేతిలో పెట్టి పోతారు. మా వృత్తిలో నమ్మకమే పెట్టుబడి. నాన్న దగ్గర్నుంచీ వస్తున్న పార్టీలు. ఇప్పుడు నేను పిలిచి మీ పాస్‌వర్డు మీరు మార్చుకోండి అంటే, మేమేం తప్పు చేశామమ్మా అని అడుగుతారు.

మరదలు: నీ మీద వాళ్ళకి నమ్మకం ఉంది. ఎక్సెల్ షీటు ఎవరెవరు తెరుస్తారు?

వదిన: నేను, ఇద్దరమ్మాయిలు. నెలాఖర్లో బిల్లులు కొట్టడానికి వచ్చే కుర్రాడు.

మరదలు: పనిమానేసినవాళ్ళు?

మా ఆవిడ వెంటనే జవాబు చెప్పలేదు. పెరుగు గిన్నె మీద మూత సర్దింది. ఆ ప్రశ్న ఎక్కడికి పోతుందో మా ముగ్గురికీ తెలుసు.

నాలుగేళ్ళ క్రితం సంగతి. దుగ్గిరాల యార్డులో పసుపు కొనే వ్యాపారి ఒకాయన మా పార్టీ. ఒకరోజు ఆయన పేరు మీద ఒక సరుకు లారీకి ఈ-వే బిల్లు పుట్టింది. ఆ లారీ ఆయనది కాదు, ఆ సరుకు ఆయన పంపలేదు, కొన్నట్టు రాసిన వ్యాపారిని ఆయనెప్పుడూ చూడలేదు. ఇరవైనాలుగు గంటల్లోపు చూసుకుని ఉంటే రద్దు చేసుకునేవాళ్ళు. చూసుకోలేదు. తర్వాత నోటీసు వచ్చింది. వివరణలు, తిరుగుళ్ళు, ఆయనకి రాత్రుళ్ళు నిద్ర లేకపోవడం, చివరికి ఎలాగో తేలింది. ఎవరు చేశారన్నది మాత్రం తేలలేదు. ఆ లాగిన్ ఆయనకి తెలుసు, ఆయన గుమాస్తాకి తెలుసు, మా ఆఫీసులో అందరికీ తెలుసు. అంతకు నెలరోజుల ముందు మా ఆఫీసులో ఒక కుర్రాడు మానేశాడు. కొలకలూరు వైపు పిల్లాడు, డిగ్రీ అవగానే చేరాడు, చేతిరాత ముత్యాల్లా ఉండేది. ఊరంతా వాడి పేరే చెప్పుకుంది.

మరదలు: వాడు చేశాడని నువ్వు నమ్ముతున్నావా?

వదిన: లేదు. అప్పుడూ నమ్మలేదు.

మరదలు: చెయ్యలేదని చూపించగలిగావా?

వదిన: ఎలా చూపిస్తాను? లోపలికెళ్ళింది పసుపు ఆయన పేరుతోనే కదా. వాడు వెళ్ళినా ఆ పేరే, నేను వెళ్ళినా ఆ పేరే.

మరదలు: నేను చెప్పేది అదే వదినా. పాస్‌వర్డు పంచుకోకూడదు అంటే పనివాళ్ళని నమ్మొద్దని చెబుతున్నామనుకుంటారు. కాదు. ఎవరి పేరుతో వాళ్ళు లోపలికెళితే, దొంగపని జరిగిన రోజున నిజాయితీగా ఉన్నవాడి దగ్గర చూపించుకోవడానికి ఒక కాగితం ముక్క ఉంటుంది. ఆ పిల్లాడికి నువ్వు నమ్మకం ఇచ్చావు. రుజువు మాత్రం ఇవ్వలేకపోయావు. మన ఐటీ చట్టంలో 66సి సెక్షను చదివితే నాకెప్పుడూ ఇదే తోస్తుంది. ఇంకొకరి ఎలక్ట్రానిక్ సంతకం గానీ, పాస్‌వర్డు గానీ మోసపూరితంగా వాడితే మూడేళ్ళ దాకా జైలు, లక్ష దాకా జరిమానా. సంతకమూ పాస్‌వర్డూ ఆ వాక్యంలో పక్కపక్కనే ఉంటాయి. ఖాళీ చెక్కుల మీద నూట నలభై మంది సంతకాలు చేసిస్తే నువ్వు సొరుగులో పెట్టుకుంటావా?

వదిన: పెట్టుకోను. (కొంచెంసేపాగి) కానీ ఖాళీ చెక్కు లేకుండా పని నడిచే దారి మాకెవరు చూపించారు?

మరదలు: దారి ఉంది, నీకు తెలుసు. పీసీటీ-05.

వదిన: తెలుసు. పార్టీ తన లాగిన్‌లోకి వెళ్ళి, ఫలానా ప్రాక్టీషనరుకి అధికారం ఇస్తున్నాను అని ఒప్పుకోవాలి. అప్పుడు నేను నా సొంత లాగిన్‌తో వాళ్ళ పని చూడొచ్చు. వద్దనుకున్న రోజు వాళ్ళే తీసేయొచ్చు. రాతలో బాగానే ఉంది. ఇక్కడ కూర్చుని చూడు. రీఫండుకో, రిజిస్ట్రేషన్లో మార్పుకో అర్జీ పెడితే మళ్ళీ పార్టీ ఒప్పుకోలు కావాలి. మా పార్టీల్లో సగం మందికి ఆ సైటు ఎక్కడ తెరవాలో తెలియదు. ఇంగ్లీషులో వచ్చే మెసేజి చదవలేని కిరాణా ఆయనకి, నీ భద్రత నువ్వే చూసుకో నాయనా అని చెప్పి చేతులు దులుపుకోవడం ఏం న్యాయం? నియమాలు పెట్టేవాళ్ళ మనసులో ఎప్పుడూ ఇంగ్లీషు వచ్చిన, ఏసీ గదిలో కూర్చున్న మనిషే ఉంటాడు.

మరదలు: ఇది మాత్రం మా తప్పే. ఇరవై ఏళ్ళుగా అదే చేస్తున్నాం.

వదిన: పైగా మీరిచ్చే మందేమిటి? అన్ని పాస్‌వర్డులూ ఒకే మేనేజర్‌లో పెట్టమంటారు. 2022లో లాస్ట్‌పాస్ అనే మేనేజర్ వాళ్ళ దగ్గర ఏం జరిగింది? నాకూ తెలుసు, చదివాను. జనం దాచుకున్న ఖజానాల నకళ్ళన్నీ ఎత్తుకుపోయారు.

మరదలు: పోయాయి. కప్పిపుచ్చను. ఏ సైట్ల లాగిన్‌లు దాచుకున్నారో ఆ చిరునామాలు బట్టబయలుగానే పోయాయి. పాస్‌వర్డులు మాత్రం తాళం వేసిన పెట్టెల్లో పోయాయి. మాస్టర్ పాస్‌వర్డు గట్టిదైతే పెట్టె తెరుచుకోవడం చాలా కష్టం, షాపు పేరు ఎట్ 2017 లాంటిదైతే తెరుచుకుంటుంది. ఎవరి సర్వర్లోనూ పెట్టడం ఇష్టం లేకపోతే కీపాస్ ఉంది, పైసా ఖర్చులేదు, ఫైలు నీ కంప్యూటర్లోనే ఉంటుంది. ఆ ఒక్క మాస్టర్‌నీ పాచికలతో పుట్టించు. డైస్‌వేర్ అంటారు, 1995లో ఆర్నాల్డ్ రైన్‌హోల్డ్ అనే ఆయన చెప్పిన పద్ధతి. 7776 ఇంగ్లీషు మాటల జాబితా ఒకటుంటుంది. పిల్లల లూడో పాచిక ఐదుసార్లు వేస్తే వచ్చే సంఖ్యకి ఒక మాట. అలా ఆరు మాటలు.

వదిన: దానికన్నా నాకిష్టమైన పాట పల్లవి పెట్టుకోనా? మన మాటల్ని ఇంగ్లీషు అక్షరాల్లో రాస్తే ఎవడికి తెలుస్తుంది?

మరదలు: పల్లవి వద్దు. ఊరందరికీ వచ్చిన వాక్యం యంత్రానికీ వస్తుంది. తెలుగు మాటల్ని ఇంగ్లీషులో రాస్తే ఇంకో చిక్కు, పెరుగుకి ఎన్ని అక్షరాలు వేశావో ఆర్నెల్లకి నువ్వే మర్చిపోతావు. మనం తలచుకుని ఎంచిన మాటల్లో మన అలవాటు ఉంటుంది. పాచికకి అలవాట్లుండవు.

పదకొండున్నరకి టేబుల్ మీద మా ఆవిడ ఫోను మోగింది. ఆమె అప్పుడే గిన్నెలు తీయడానికి లేచింది. చెల్లెలు ఫోనెత్తి, హలో అని మాత్రం అంది. అవతల ఒక పెద్దాయన. "అమ్మా, వచ్చిందమ్మా, రాసుకోండి" అని ఆరు అంకెలు ఒకటొకటిగా చదివాడు. "ఇంకోసారి చెప్పనా?" అన్నాడు. ఎవరు మాట్లాడుతున్నారని అడగలేదు. చెల్లెలు ఫోను వదినకిచ్చింది. చలానా ఆలస్యంగా కట్టిన పార్టీ అది. ఆఫీసు అమ్మాయి తన ఇంట్లో కూర్చుని ఆయన రిటర్ను వేస్తోంది. అర్ధరాత్రి దాటకుండా ఆ అంకెలు ఆమెకి చేరాలి. మా ఆవిడ చేర్చింది. రిటర్ను పడింది.

మరదలు: ఆ అమ్మాయి ల్యాప్‌టాప్‌లో కూడా షీటుందన్నమాట.

వదిన: ఉంది.

మరదలు: అది పక్కన పెట్టు. ఆయన నా గొంతు ఎప్పుడూ విని ఉండడు.

వదిన: విన్నాను అమ్మాయ్. నేనూ అదే అనుకుంటున్నాను.

మరదలు: 2025 ఏప్రిల్ 1 నుంచి ఈ-వే బిల్లుకి అందరికీ రెండో తాళం తప్పనిసరి చేశారు. పాస్‌వర్డు ఒక్కటే చాలదు, ఓటీపీ కూడా కావాలి. పసుపు ఆయనకి జరిగినట్టు ఇంకొకరికి జరక్కుండా పెట్టిన తాళం అది. మనమేమో కొందరి రిజిస్టర్డ్ నంబరుగా ఆఫీసు ఫోను ఇచ్చాం. మిగతావాళ్ళకి, ఆడగొంతు హలో అంటే ఆరు అంకెలు చదవడం నేర్పాం. ఇరవయ్యో తేదీన నీకు చదివిన మనిషి ఇరవై అయిదున బ్యాంకు నుంచి అని చెప్పేవాడికీ చదువుతాడు. అప్పుడు పోయే డబ్బుకి బ్యాంకు బాధ్యత కూడా ఉండదు. జీఎస్టీ వచ్చిన ఆ 2017 జూలైలోనే రిజర్వు బ్యాంకు సర్క్యులర్ ఇచ్చింది. మన తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా ఎక్కడో జరిగిన మోసమైతే మూడు పనిదినాల్లో చెబితే మనకి నష్టం లేదు. మనమే రహస్యం చెప్పేసి ఉంటే, బ్యాంకుకి తెలియజేసేదాకా పోయినదంతా మన నెత్తినే. సైబర్ మోసాల హెల్ప్‌లైన్ 1930కి ఎంత తొందరగా ఫోన్ చేసినా, డబ్బు చేతులు మారకముందే పట్టుకోగలిగితేనే తిరిగొస్తుంది.

వదిన: ఆయనకి అరవై ఎనిమిదేళ్ళు. ఫోన్లో అంకెలు చదవడానికి కళ్ళద్దాలు వెతుక్కుంటాడు. ఎప్పుడు అడిగినా ఎందుకమ్మా అని అనడు. అది నా మీద గౌరవం అనుకునేదాన్ని.

మరదలు: గౌరవమే వదినా. అందుకే ముందు నువ్వు నేర్పాలి. పోలీసులు చెబితే వినరు, బ్యాంకు మెసేజి చదవరు. నువ్వు పిలిచి, నేనడిగినా సరే ముందు ఏ పనికి అని అడగండి, ఫోను పెట్టేసి మా ఆఫీసు నంబరుకి మీరే తిరిగి చెయ్యండి అంటే వింటారు.

వదిన: ఒక్కొక్క పార్టీకీ అరగంట పడుతుంది. నంబరు మార్చాలి, పీసీటీ-05 చేయించాలి, ఈ-వే బిల్లుకి సబ్ యూజర్లుగా మా అమ్మాయిల్ని విడివిడిగా పెట్టాలి, పాస్‌వర్డు వాళ్ళ చేతే మార్పించి నేను తల పక్కకి తిప్పుకోవాలి. నూట నలభై అరగంటలు. ఫీజు ఎవరూ పైసా ఎక్కువివ్వరు.

మరదలు: ఇవ్వరు.

వదిన: సగం మంది రెండో నెలకే మర్చిపోయి మళ్ళీ నాకే చెబుతారు.

మరదలు: చెబుతారు. వాళ్ళవి అప్పుడు ఈ పుస్తకంలోనే రాసుకో, బీరువాలో పెట్టుకో. ఎక్సెల్ షీటు మాత్రం తీసెయ్. మిగిలిన సగమైనా నీ సొరుగులోంచి బయటపడతారు కదా.

మా ఆవిడ పుస్తకం దగ్గరకి లాక్కుని పేజీలు తిప్పింది. పసుపు వ్యాపారి పేజీ దగ్గర ఆగింది. ఆ పేజీలో చేతిరాత ఆమెది కాదు. అక్షరాలు గుండ్రంగా, సమానంగా, గీత దాటకుండా ఉన్నాయి.

వదిన: ముందు ఈయనతో మొదలుపెడతాను. ఈయనే అందరికన్నా కష్టం. ఆ కుర్రాడు పోయాడుగా, ఇంకెందుకమ్మా ఇదంతా అంటాడు.

మరదలు: ఏం చెబుతావు?

వదిన: వాడు చేశాడని మాకు తెలియదండీ అని చెబుతాను. ఆ మాట నాలుగేళ్ళ క్రితం, వాడు ఊళ్ళో ఉండగానే అనవలసింది.